పెన్ డ్రైవ్ ఫార్మాట్: ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త

మన సొసైటీ సాయంత్రపు కంప్యూటర్ తరగతిలో ఏటా కొత్త పిల్లలు వస్తారు. వారు మొదటి నెలలోనే అడిగే మాట ఒకటుంది: "సార్, పెన్ డ్రైవ్ పనిచేయడం లేదు, ఫార్మాట్ చేసివ్వండి." చేసివ్వడం ఐదు నిమిషాల పని. కానీ చేసిచ్చిన ప్రతిసారీ ఆ విద్యార్థి నేర్చుకోవలసిన పాఠం ఒకటి మిగిలిపోతుంది. అందుకే తరగతిలో నల్లబల్ల మీద చెప్పేదాన్ని ఈ సంచిక కోసం వరుసగా రాస్తున్నాను. మన తరగతిలోని పాత కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తున్నాయి కనుక పాఠం లినక్స్‌కు సంబంధించినది. యూనిక్స్ కుటుంబానికి చెందిన మిగతా వ్యవస్థల్లో పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ఒక సూచన. ఈ సంచికంతా తెలుగు లిపిలోనే అచ్చవుతుంది. కాబట్టి ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాల పేర్లతో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాశాను. ప్రత్యేకంగా చెప్పనంతవరకు అన్నీ చిన్న అక్షరాలే కొట్టాలి. "స్పేస్" అన్నచోట ఖాళీ వదలాలి. ఆజ్ఞ పూర్తయ్యాక ఎంటర్ నొక్కాలి.

ఫార్మాట్ అంటే ఏమిటి?

రెండు వేర్వేరు పనులను మనం ఒకే మాటతో పిలుస్తుంటాం. ముందు వాటిని విడదీసి చూద్దాం.

ఒక పొలం ఉందనుకోండి. గట్లు వేసి దాన్ని రెండు మూడు మళ్ళుగా విడగొట్టడం మొదటి పని. దీన్నే పార్టిషన్ అంటాం, అంటే విభజన. ఏ మడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పెన్ డ్రైవ్ మొదట్లోనే ఒక చిన్న పట్టికలో రాసి ఉంటుంది. పాత పద్ధతి ప్రకారం ఆ పట్టిక మొట్టమొదటి సెక్టార్‌లో ఉంటుంది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. అందులో మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం కోసం, తర్వాతి 64 బైట్లు విభజన పట్టిక కోసం, చివరి 2 బైట్లు గుర్తు ముద్ర కోసం కేటాయించారు. పట్టికలో ఒక్కో మడి వివరానికి 16 బైట్లు కావాలి. అంటే 64 బైట్లలో నాలుగే పడతాయి. పాత పద్ధతిలో నాలుగు ప్రధాన విభాగాలకు మించి చేయలేకపోవడానికి కారణం ఇదే. దీన్ని ఎం.బి.ఆర్. పద్ధతి అంటారు. కొత్తదైన జి.పి.టి. పద్ధతిలో మామూలుగా 128 విభాగాల వరకు చోటుంటుంది, పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర్లో కూడా ఉంటుంది. చిన్న పెన్ డ్రైవ్‌కు పాత పద్ధతే చాలు. పాత టీవీలు, కారు స్టీరియోలు కూడా దాన్ని బాగా గుర్తుపడతాయి.

ఇక రెండో పని. ప్రతి మడిలో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే రిజిస్టరు ఒకటి కావాలి. లైబ్రరీలో పుస్తకాలు ఎన్ని ఉన్నా, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో రాసిన రిజిస్టరు లేకపోతే వెతకలేం కదా! పెన్ డ్రైవ్‌లో ఆ రిజిస్టరు పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. ఫార్మాట్ చేయడమంటే పాత రిజిస్టరు తీసేసి, కొత్త ఖాళీ రిజిస్టరు తెరవడం. బీరువాల్లోని పుస్తకాలను ఎవరూ ముట్టుకోలేదు, వాటి జాడ చెప్పే రిజిస్టరు మాత్రమే పోయింది. ఈ మాట గుర్తుంచుకోండి. పాఠంలో రెండుసార్లు దీని అవసరం పడుతుంది. ఒకచోట మనకు మేలు చేస్తుంది, మరోచోట కీడు చేస్తుంది.

ఏ ఫైల్ సిస్టమ్ ఎంచుకోవాలి?

మూడింటి గురించి తెలిస్తే చాలు.

ఫ్యాట్ 32: అన్నిచోట్లా నడిచేది. జిరాక్స్ షాపు కంప్యూటర్, మీసేవ కేంద్రం, టీవీ, కారు స్టీరియో దాదాపు అన్నీ దీన్ని చదువుతాయి. లోపం ఏమిటంటే ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. ఫైలు పరిమాణాన్ని రాసుకునే గడి 32 బిట్లదే కావడం వల్ల ఆ హద్దు వచ్చింది. పెద్ద వీడియో కాపీ చేస్తుంటే "చోటు చాలదు" అన్నట్టు ఆగిపోయి, చూస్తే సగం డ్రైవ్ ఖాళీగా ఉందంటే కారణం సాధారణంగా ఇదే.

ఎక్స్‌ఫ్యాట్: మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చినది. 4 జీబీ హద్దు లేదు. 2019లో దాని వివరాలను మైక్రోసాఫ్ట్ బహిరంగంగా ప్రచురించింది, ఆ తర్వాత లినక్స్ కెర్నెల్‌లోనే దానికి చోటు దొరికింది. పెద్ద వీడియోలకు ఇది మంచిది. పాత టీవీలు, స్టీరియోలు కొన్ని దీన్ని గుర్తించవు.

ఎక్స్‌టి 4: లినక్స్ సొంత పద్ధతి. ఏ ఫైలు ఎవరిది, ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న అనుమతులు ఇందులో నిలుస్తాయి. రాయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా రిజిస్టరు చెడిపోయే ప్రమాదం తక్కువ. అయితే మామూలు విండోస్ దీన్ని చదవలేదు.

ఈ పాఠంలో 16 జీబీ పెన్ డ్రైవ్‌ను రెండుగా విడగొడదాం. మొదటి 8 జీబీ ఫ్యాట్ 32, బయటికి తీసుకువెళ్ళడానికి. మిగిలినది ఎక్స్‌టి 4, తరగతి పనికి. విండోస్ పాత వెర్షన్లు పెన్ డ్రైవ్‌లోని మొదటి విభాగాన్ని మాత్రమే చూపిస్తాయి. కాబట్టి బయట వాడే విభాగం ఎప్పుడూ మొదటిదిగా ఉండాలి.

మొదటి మెట్టు: గుర్తుపట్టడం

పాఠం మొత్తానికి ప్రాణం ఈ మెట్టు. యూనిక్స్ పద్ధతిలో ప్రతి పరికరమూ ఒక ఫైలులాగే కనిపిస్తుంది. డెవ్ అనే ఫోల్డర్‌లో మొదటి డిస్క్ పేరు ఎస్‌డిఎ, రెండోది ఎస్‌డిబి, మూడోది ఎస్‌డిసి. ఎస్‌డిబిలోని మొదటి విభాగం ఎస్‌డిబి1, రెండోది ఎస్‌డిబి2. పేర్ల మధ్య తేడా ఒక్క అక్షరమే.

ఆ ఒక్క అక్షరం నాకు నేర్పిన పాఠం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఒక పెన్ డ్రైవ్ విభజించి సగంలో ఆపి ఇంటికి వెళ్ళాను. ఆ రోజు దాని పేరు ఎస్‌డిబి. మర్నాడు వచ్చి, చూడకుండానే అవే ఆజ్ఞలు మళ్ళీ కొట్టాను. ఆ ఉదయం ఎవరో బయటి హార్డ్ డిస్క్‌ను ముందుగా తగిలించారు. ముందు తగిలించినది కాబట్టి ఎస్‌డిబి అన్న పేరు దానికి దక్కింది, నా పెన్ డ్రైవ్ ఎస్‌డిసి అయింది. నేను ఫార్మాట్ చేసింది ఆ ఏడాది ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసిన పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లున్న హార్డ్ డిస్క్‌ను. ఆఖరి తేదీకి వారం రోజులే ఉంది. వేరే నకలు లేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

తర్వాత ఏమైందో పాఠం చివర్లో చెబుతాను. ముందు ఆ తప్పు జరగకుండా చూసే పద్ధతి చూడండి.

పెన్ డ్రైవ్ తగిలించకముందే ఈ ఆజ్ఞ కొట్టండి: ఎల్ ఎస్ బి ఎల్ కె. కంప్యూటర్‌లోని డిస్క్‌ల జాబితా వస్తుంది. ఇప్పుడు పెన్ డ్రైవ్ తగిలించి మళ్ళీ అదే ఆజ్ఞ కొట్టండి. కొత్తగా వచ్చిన వరుసే మీ పెన్ డ్రైవ్. అక్కడితో ఆగకండి, పరిమాణం కూడా చూడండి. 16 జీబీ అని అమ్మిన డ్రైవ్ ఇక్కడ 14, 15 మధ్య కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారీదారు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. ఈ ఆజ్ఞ 1024ను మూడుసార్లు గుణించిన లెక్కతో, అంటే 107 కోట్లకు పైగా బైట్లను ఒకటిగా లెక్కిస్తుంది. 1600 కోట్ల బైట్లను ఆ లెక్కలో పెడితే 14.9 వస్తుంది.

మరీ ఖాయం కావాలంటే ఆ ఆజ్ఞకే కొంచెం చేర్చండి: ఎల్ ఎస్ బి ఎల్ కె, స్పేస్, హైఫన్ ఓ, స్పేస్, ఆ తర్వాత నేమ్, సైజ్, మోడల్ అన్న మూడు ఇంగ్లీషు మాటలు, చివర టి ఆర్ ఏ ఎన్. ఈ నాలుగింటి మధ్య కామాలు పెట్టాలి, ఖాళీ వదలకూడదు. అప్పుడు పరికరం మోడల్ పేరు, అది యూఎస్‌బీ ద్వారా వచ్చిందా అన్నది కూడా కనిపిస్తాయి. పని మొదలుపెట్టే ముందు మిగతా బయటి డిస్క్‌లన్నీ పీకేయండి. ఇప్పుడు మా తరగతిలో ఇది నియమం. ఫార్మాట్ చేసే వేళ ఒక్క పెన్ డ్రైవే తగిలి ఉండాలి, పేరును పక్కనున్న విద్యార్థి పైకి చదివి చెప్పాలి.

ఇకపై మన పెన్ డ్రైవ్ పేరు ఎస్‌డిబి అనుకుందాం. మీ దగ్గర వేరే పేరు కనిపిస్తే దాన్నే వాడాలి.

రెండో మెట్టు: అన్‌మౌంట్

పెన్ డ్రైవ్ తగిలించగానే లినక్స్ దాన్ని తెరిచి పెడుతుంది. తెరిచిన రిజిస్టరును చింపకూడదు కదా! ముందు మూసేయాలి. ఆజ్ఞ: ఎస్ యు డి ఓ, స్పేస్, యు ఎం ఓ యు ఎన్ టి, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్ ఎస్ డి బి 1. ఇక్కడ చాలామంది "అన్" అన్న ఉచ్చారణకు తగ్గట్టు యు తర్వాత ఎన్ కొడతారు. అక్కడ ఎన్ లేదు. సుడో అన్న మొదటి మాట "నిర్వాహకుడి అధికారంతో చెయ్యి" అని చెబుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు తెరమీద చుక్కలు కూడా కనిపించవు, కంగారు పడకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.

మూడో మెట్టు: విభజన

ఇప్పుడు ఎఫ్‌డిస్క్ అనే పరికరాన్ని పిలుద్దాం: ఎస్ యు డి ఓ, స్పేస్, ఎఫ్ డి ఐ ఎస్ కె, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్ ఎస్ డి బి. ఇక్కడ చివర అంకె పెట్టకూడదు. మనం మాట్లాడేది ఒక మడితో కాదు, మొత్తం పొలంతో.

ఎఫ్‌డిస్క్ ఒక్కో అక్షరంతో పనిచేస్తుంది. వరుస ఇది:

పి కొట్టండి. ప్రస్తుత పట్టిక కనిపిస్తుంది. పరిమాణం మళ్ళీ చూసుకోండి.
ఓ కొట్టండి. పాత పట్టిక స్థానంలో ఖాళీ పట్టిక సిద్ధమవుతుంది.
ఎన్ కొట్టండి. కొత్త విభాగం. ప్రధాన విభాగానికి పి, సంఖ్యకు 1 ఇవ్వండి. ఎక్కడ మొదలవాలని అడిగితే ఎంటర్ చాలు, అది 2048వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది. ఎక్కడ ముగియాలని అడిగితే ప్లస్ గుర్తు, 8, పెద్ద అక్షరం జి కొట్టండి.
మళ్ళీ ఎన్, పి, 2. ఈసారి రెండు ప్రశ్నలకూ ఎంటర్. మిగిలిన చోటంతా రెండో విభాగానికి పోతుంది.
టి కొట్టి, 1 ఇచ్చి, తర్వాత సి ఇవ్వండి. మొదటి విభాగం ఫ్యాట్ 32 కోసమని ముద్ర పడుతుంది. రెండోదానికి లినక్స్ ముద్ర దానంతటదే ఉంటుంది.
పి కొట్టి అంతా సరిచూడండి.

మధ్యలో "పాత ఫైల్ సిస్టమ్ గుర్తు ఉంది, తీసేయనా?" అని అడగవచ్చు. అవునని చెప్పండి.

ఒక ముఖ్యమైన సంగతి. ఇంతవరకు చేసినదంతా కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉంది, పెన్ డ్రైవ్ మీద ఒక్క అక్షరం కూడా మారలేదు. అనుమానం వస్తే క్యూ కొట్టి బయటికి వచ్చేయండి, ఏమీ జరగనట్టే. డబ్ల్యు కొట్టారంటే మాత్రం రాత పడినట్టే. డబ్ల్యు కొట్టే ముందు కుర్చీలో వెనక్కి వాలి ఒక్క క్షణం ఆగండి. ఆ రోజు నేను ఆగి ఉంటే, పి ఆజ్ఞ చూపించిన పరిమాణం పెన్ డ్రైవ్‌ది కాదని కళ్ళకు కనిపించి ఉండేది.

రాశాక ఎల్ ఎస్ బి ఎల్ కె మళ్ళీ కొట్టండి. ఎస్‌డిబి కింద ఇప్పుడు రెండు విభాగాలు కనిపించాలి. కనిపించకపోతే పెన్ డ్రైవ్ తీసి మళ్ళీ తగిలించండి. అలా చేస్తే పేరు మారవచ్చు, మళ్ళీ మొదటి మెట్టు నుంచి చూసుకోవాలి.

నాలుగో మెట్టు: ఫార్మాట్

మొదటి విభాగానికి: ఎస్ యు డి ఓ, స్పేస్, ఎం కె ఎఫ్ ఎస్ చుక్క వి ఎఫ్ ఏ టి, స్పేస్, హైఫన్ పెద్ద ఎఫ్, స్పేస్, 32, స్పేస్, హైఫన్ చిన్న ఎన్, స్పేస్, మీరు పెట్టదలచిన పేరు, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్ ఎస్ డి బి 1. పేరు 11 అక్షరాలకు మించకూడదు, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే మంచిది.

రెండో విభాగానికి: ఎస్ యు డి ఓ, స్పేస్, ఎం కె ఎఫ్ ఎస్ చుక్క ఇ ఎక్స్ టి 4, స్పేస్, హైఫన్ పెద్ద ఎల్, స్పేస్, పేరు, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్ ఎస్ డి బి 2.

రెండో విభాగాన్ని తెరిచి ఏదైనా కాపీ చేయబోతే "అనుమతి లేదు" అనవచ్చు. డ్రైవ్ చెడిపోలేదు. నిర్వాహకుడి అధికారంతో తయారుచేశాం కనుక ఆ విభాగం నిర్వాహకుడి సొత్తుగా ఉంది. దాన్ని మీ పేరుకు మార్చుకోవాలి. సుడో, సి హెచ్ ఓ డబ్ల్యు ఎన్, మీ యూజర్ పేరు, ఆ విభాగం తెరుచుకున్న ఫోల్డర్ పేరు, వీటి మధ్య ఖాళీలు వదులుతూ కొట్టండి. అందులో "లాస్ట్ ప్లస్ ఫౌండ్" అని ఒక ఫోల్డర్ ముందే కనిపిస్తుంది. అది వైరస్ కాదు. ఎప్పుడైనా రిజిస్టరు చెడితే, బాగుచేసేటప్పుడు దొరికిన ముక్కలను పెట్టే చోటు. దాన్ని అలాగే ఉంచండి.

ఆజ్ఞలంటే భయపడేవారికి డిస్క్స్, జీపార్టెడ్ అనే బొమ్మల ప్రోగ్రాములున్నాయి. అయితే వాటిలోనూ తప్పు డిస్క్ మీద నొక్కడం అంతే సులభం.

అయిదో మెట్టు: తీయడం

కాపీ పూర్తయినట్టు కనిపించినా లినక్స్ కొంత భాగాన్ని తన జ్ఞాపకంలో ఉంచుకుని తీరిగ్గా రాస్తుంటుంది. వెంటనే పీకితే సగం ఫైలే మిగులుతుంది. ఎస్ వై ఎన్ సి అన్న ఆజ్ఞ కొట్టి అది పూర్తయ్యేదాకా ఆగండి, లేదా ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ నొక్కి ఆ తర్వాతే తీయండి. "పెన్ డ్రైవ్ ఖరాబైంది" అని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ తొందర వల్ల వచ్చినవే.

ఫార్మాట్ అవసరం లేని చోట్లు

ఒక్కోసారి తగిలించగానే "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడుగుతుంది. లోపల కావలసిన ఫైళ్ళుంటే వద్దనండి. ముందు ఎఫ్ ఎస్ సి కె చుక్క వి ఎఫ్ ఏ టి అన్న పరికరాన్ని హైఫన్ ఎన్‌తో నడిపించండి. అది ఏమీ రాయకుండా తప్పులు మాత్రం చూపిస్తుంది.

లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్ డ్రైవ్ తర్వాత చిన్నదిగా, వింతగా కనిపించడం మామూలే. పాత ముద్రలు మిగిలి ఉండటమే కారణం. డబ్ల్యు ఐ పి ఇ ఎఫ్ ఎస్ ఆజ్ఞను హైఫన్ ఏతో మొత్తం డ్రైవ్ మీద నడిపితే అవి పోతాయి, తర్వాత విభజన మొదలుపెట్టవచ్చు. ఇక్కడ కూడా ముందు పేరు చూసుకోవాలి.

ఎంత ఫార్మాట్ చేసినా బాగుపడని డ్రైవ్‌లు రెండు రకాలు. ఒకటి, లోపలి ఫ్లాష్ అరిగిపోయి, ఉన్నదాన్నైనా కాపాడాలని తనంతట తానే రాతకు తాళం వేసుకున్నది. అందులోని ఫైళ్ళు కాపీ చేసుకుని కొత్తది కొనడమే దారి. రెండోది దొంగ డ్రైవ్. చౌకగా అమ్మే 128 జీబీ డ్రైవ్‌లలో కొన్నింటి లోపల నిజానికి 8 జీబీయే ఉంటుంది. కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా లోపలి చిప్‌ను మార్చి ఉంటారు. మొదటి 8 జీబీ బాగానే నిలుస్తుంది, ఆపై రాసినది నిలవదు. కొన్ని డ్రైవ్‌లలో పాతవాటి మీదే పడుతుంది. పిల్లలకు పంచడానికి ఒకేసారి ఎక్కువ డ్రైవ్‌లు కొనేవారు ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించాలి. ఎఫ్3రైట్ ఖాళీ చోటంతా పరీక్ష ఫైళ్ళతో నింపుతుంది, ఎఫ్3రీడ్ వాటిని తిరిగి చదివి ఎన్ని నిలిచాయో, ఎన్ని చెడ్డాయో లెక్క చెబుతుంది.

పోయినది దొరుకుతుందా?

ఇక ఆ హార్డ్ డిస్క్ సంగతి. తప్పు తెలిసిన మరుక్షణం డిస్క్ పీకేశాను. నేను ఆ రోజు చేసిన సరైన పని అదొక్కటే. పుస్తకాలు బీరువాల్లోనే ఉంటాయని మొదట చెప్పాను కదా! కొత్త ఫైళ్ళు వాటి మీద పడనంతవరకు పాతవి అక్కడే ఉంటాయి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం రిజిస్టరుతో పని లేకుండా డిస్క్ అంతా గాలించి, ఫైళ్ళను వాటి ఆకారాన్ని బట్టి పట్టుకుంటుంది. స్కాన్‌లు దాదాపు అన్నీ వచ్చాయి. కానీ పేర్లు రాలేదు. పేర్లు రిజిస్టరులో ఉండేవి, రిజిస్టరును నేను తీసేశాను. పేరులేని వందలాది బొమ్మలను ఒక్కొక్కటిగా తెరిచి, అది ఎవరి మార్కుల జాబితానో, ఎవరి ఆదాయ ధ్రువపత్రమో చదివి పేరు పెట్టడానికి ఇద్దరు విద్యార్థినులతో కలిసి మూడు రాత్రులు కూర్చున్నాను. దొరకని కొన్నింటి కోసం ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టి మళ్ళీ అడిగాను. ఒక తల్లి కాగితాలు తీసిస్తూ, "పోయినసారి భద్రంగా ఉంటాయని చెప్పారు కదా, సార్" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. దరఖాస్తులు గడువులోపలే వెళ్ళాయి. ఆ వారమే రెండో హార్డ్ డిస్క్ కొని, నకలు వేరే ఇంట్లో పెట్టడం మొదలుపెట్టాం.

ఇదే సంగతికి రెండో వైపు కూడా ఉంది. ఫార్మాట్ చేసినా ఫైళ్ళు దొరుకుతాయంటే, మనం ఫార్మాట్ చేసి ఎవరికో ఇచ్చిన డ్రైవ్‌లోంచి వారికీ దొరుకుతాయి. అందులో ఎవరిదో ఆధార్ కార్డు ఉండవచ్చు, ఎవరిదో వైద్య నివేదిక ఉండవచ్చు. అవి మన దగ్గర అమానతు. అలాంటి డ్రైవ్ చేతులు మారే ముందు డిడి అనే ఆజ్ఞతో మొదటినుంచి చివరిదాకా సున్నాలు నింపాలి. ఇది కూడా సరిపోని సందర్భాలున్నాయి. ఫ్లాష్ డ్రైవ్ తన గదులన్నీ సమానంగా అరగాలని రాతలను అటూ ఇటూ మారుస్తుంటుంది, అందువల్ల కొన్ని పాత గదులు మనకు అందకుండా మిగలవచ్చు. మరీ సున్నితమైన కాగితాలున్న డ్రైవ్‌ను ఎవరికీ ఇవ్వకుండా పగలగొట్టడమే మేలు.

అభ్యాసం

ఏమీ లేని పాత పెన్ డ్రైవ్ ఒకటి తీసుకోండి. తగిలించకముందు, తగిలించాక ఎల్ ఎస్ బి ఎల్ కె కొట్టి తేడాను కాగితం మీద రాయండి. ఎఫ్‌డిస్క్‌లో రెండు విభాగాలు చేసి, డబ్ల్యు కొట్టకుండా క్యూతో బయటికి రండి. ఏమీ మారలేదని మళ్ళీ చూసి నిర్ధారించుకోండి. ఇలా మూడుసార్లు చేశాక, నాలుగోసారి డబ్ల్యు కొట్టండి. అప్పటికి ఆజ్ఞలు నోటికి వస్తాయి. దానికంటే ముఖ్యంగా, కొట్టే ముందు ఆగి చూసే అలవాటు చేతికి వస్తుంది.